కన్నవాళ్లలో ఒకరు బిడ్డను తీసుకెళ్లిపోతే ఏం చేయాలి: మొదటి గంట నుంచి బిడ్డ తిరిగొచ్చాక దాకా

"వాళ్ల నాన్నే కదా తీసుకెళ్లాడు." "తల్లి దగ్గరే ఉంది కదా, భయమెందుకు?" బిడ్డ కనిపించకుండా పోయిన రోజు మీ చెవిన పడే మొదటి మాటలు ఇవే. చుట్టాలూ ఇదే అంటారు, ఫిర్యాదు తీసుకోవాల్సిన పోలీసులూ ఒక్కోసారి ఇదే అంటారు. ఆ మాట విని ఊరుకోకండి.

తీసుకెళ్లింది కన్నవాళ్లే అయినా బిడ్డకు జరిగే నష్టం తగ్గదు. నిన్నటిదాకా ఉన్న ఇల్లు, బడి, స్నేహితులు, తాతయ్య, అమ్మమ్మ, ఆడుకునే బొమ్మ, ఒక్కోసారి సొంత పేరు కూడా ఒక్క రాత్రిలో పోతాయి. ఎందుకు పోయాయో ఎవరూ నిజం చెప్పరు. "అమ్మకు నువ్వు అక్కర్లేదట" అంటారు, లేదా "నాన్న చచ్చిపోయాడు" అంటారు. దూరమైన మనిషి కోసం ఏడిస్తే దగ్గరున్న మనిషికి కోపం వస్తుందని ఆ పసిదానికి రెండు రోజుల్లోనే అర్థమైపోతుంది. అందుకే ఏడవడం మానేస్తుంది. చూసేవాళ్లు "బాగానే అలవాటు పడింది" అనుకుంటారు. చిన్నప్పుడు ఇలా తీసుకెళ్లబడి, ఇప్పుడు పెద్దవాళ్లయిన 34 మందితో బ్రిటన్ పరిశోధకురాలు మెరిలిన్ ఫ్రీమన్ మాట్లాడి 2014లో ఒక నివేదిక ఇచ్చారు. ఏళ్లు గడిచినా తమ మానసిక ఆరోగ్యం మీద ఆ దెబ్బ గట్టిగానే ఉందని వాళ్లలో ఎక్కువమంది చెప్పారు. ఇంటికి తిరిగొచ్చినవాళ్లు కూడా ఆ మాటే అన్నారు.

బిడ్డ దూరమైన తల్లి కోసం, తండ్రి కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా చెప్పదలచింది ఒకటే. వేగంగా కదలండి, కానీ వేసే ప్రతి అడుగూ రేపు బిడ్డ పెద్దయి అడిగితే కళ్లలోకి చూసి చెప్పగలిగేదిగా ఉండాలి.

ఇంకా తీసుకెళ్లలేదు, కానీ అనుమానంగా ఉందా?

గొడవలు పడే దంపతులంతా పిల్లల్ని తీసుకుని పారిపోరు. కానీ కొన్ని గుర్తులు ఒకేసారి కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. ఉద్యోగం మానేయడం, ఇల్లు ఖాళీ చేయడం, బ్యాంకు ఖాతా మూసేయడం, బిడ్డ జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, స్కూల్ రికార్డులు హఠాత్తుగా అడిగి తీసుకోవడం, "నువ్వు మళ్లీ వీడి మొహం చూడవు" అని బెదిరించడం లాంటివి. ఆ బెదిరింపు ఏ రోజు, ఏ మాటల్లో అన్నారో అప్పుడే రాసిపెట్టుకోండి.

ముందు బిడ్డ పాస్‌పోర్ట్ ఎక్కడుందో చూసుకోండి. అమెరికాలో 16 ఏళ్ల లోపు పిల్లల పాస్‌పోర్ట్‌కు మామూలుగా తల్లిదండ్రులిద్దరి అంగీకారం కావాలి. మీ బిడ్డ పేరు మీద ఎవరైనా పాస్‌పోర్ట్‌కు దరఖాస్తు చేస్తే మీకు కబురు పంపే ప్రభుత్వ అలర్ట్ కార్యక్రమం కూడా అక్కడ ఉంది, ముందే నమోదు చేసుకోవాలి. ఇది చిన్న విషయం కాదు. ఆ దేశం నుంచి బయటికి వెళ్లేటప్పుడు రెండో తల్లి లేదా తండ్రి అనుమతి ఉందా అని ప్రభుత్వం మామూలుగా తనిఖీ చేయదు. పాస్‌పోర్ట్ దగ్గర ఆపలేకపోతే విమానం దగ్గర ఆపడం చాలా కష్టం. బిడ్డకు రెండో దేశం పౌరసత్వం కూడా ఉంటే ఒక పాస్‌పోర్ట్ మీ బీరువాలో ఉందని నిశ్చింతగా ఉండకండి. రెండో దేశం రాయబార కార్యాలయం ఇంకోటి ఇవ్వవచ్చు. మీ అభ్యంతరం వాళ్లకు రాతపూర్వకంగా పంపి, అందినట్టు రసీదు తీసుకోండి.

కోర్టు ఆర్డర్ ఉంటే అందులో మాటలు గట్టిగా ఉండాలి. "సెలవుల్లో తండ్రి దగ్గర ఉంటుంది" అని రాస్తే చాలదు. ఏ తేదీ ఎన్ని గంటలకు ఎవరు అప్పగించాలి, కోర్టు అనుమతి లేకుండా ఏ దేశం దాటించకూడదు, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉండాలి అనేవన్నీ రాయించండి. ఆర్డర్ నకలు బడిలోనూ ఇవ్వండి. గేటు దగ్గర ఉండే మనిషికి చట్టం తెలియదు. చేతిలో కాగితం ఉంటే కనీసం మీకు ఫోన్ చేస్తారు.

సెలవుల ప్రయాణానికి మీరే ఒప్పుకుంటున్నారా? వెళ్లే తేదీ, తిరిగొచ్చే తేదీ, ఉండబోయే చిరునామా రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. రాత్రికి రాత్రి పారిపోవడమే కాదు, సెలవులకని వెళ్లి తిరిగి రాకపోవడమూ జరుగుతుంటుంది. చెప్పకుండా తీసుకెళ్లడం ఎంత తప్పో, తీసుకెళ్లి తిరిగి పంపకపోవడమూ అంతే తప్పు. చాలామందికి ఈ సంగతి తెలియక "మన అనుమతితోనే కదా వెళ్లారు" అని నెలలు పోగొట్టుకుంటారు.

మొదటి 24 గంటలు

కూర్చుని ఏడవడానికి తర్వాత టైమ్ ఉంటుంది. ముందు పోలీసుల దగ్గరకు వెళ్లండి. బిడ్డ కనిపించడం లేదని ఫిర్యాదు ఇవ్వండి, తీసుకెళ్లింది ఎవరని అనుకుంటున్నారో కూడా చెప్పండి. "ఇది ఫ్యామిలీ మ్యాటర్, కోర్టుకెళ్లండి" అంటే వాదనకు దిగకండి. ఫిర్యాదు అందినట్టు నంబరు అడగండి, ఎవరితో ఏ సమయంలో మాట్లాడారో రాసుకోండి. అమెరికాలో 1990 నుంచి ఉన్న చట్టం ప్రకారం తప్పిపోయిన బిడ్డ ఫిర్యాదు నమోదు చేయడానికి ఇన్ని గంటలు ఆగండి అని పోలీసులు అనకూడదు. బ్రిటన్‌లో బిడ్డను దేశం దాటించే ప్రమాదం ఒకటి రెండు రోజుల్లోనే ఉందని తేలితే ఆ బిడ్డ కనిపిస్తే ఆపమని విమానాశ్రయాలకు, ఓడరేవులకు పోలీసులు పోర్ట్ అలర్ట్ పంపుతారు. యూరప్‌లో చాలా దేశాల్లో తప్పిపోయిన పిల్లల కోసం 116000 అనే హెల్ప్‌లైన్ ఉంది.

స్టేషన్‌కు వెళ్లేటప్పుడు ఇవి పట్టుకెళ్లండి: బిడ్డ ఇటీవలి ఫొటో, పాస్‌పోర్ట్ నంబరు, జనన ధ్రువపత్రం, కోర్టు ఆర్డర్ ఉంటే దాని నకలు, తీసుకెళ్లినవాళ్ల ఫొటో, ఫోన్ నంబర్లు, బండి నంబరు, వెళ్లే అవకాశమున్న చుట్టాల చిరునామాలు. ఫొటో స్టూడియోలో ముస్తాబు చేసి తీసింది కాకుండా ఇంట్లో రోజూ ఎలా ఉంటారో అలా ఉన్నది ఇవ్వండి. బిడ్డకు మందులు వాడుతుంటే ఆ చీటీ కూడా ఇవ్వండి.

అదే రోజు ఇలాంటి కేసులు చేసిన లాయర్‌ను పట్టుకోండి. విడాకుల కేసులు చేసేవాళ్లందరికీ దేశం దాటిన పిల్లల కేసుల పద్ధతి తెలియదు. "ఇలాంటివి ఎన్ని చేశారు?" అని మొహమాటం లేకుండా అడగండి.

ఫోన్‌లో ఏం రాస్తున్నారో చూసుకోండి

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. మంచివాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

అవతలి నుంచి అర్ధరాత్రి మెసేజ్ వస్తుంది: "మేము ఇక్కడే ఉండిపోతున్నాం. పాపకు ఇక్కడ బాగుంది. గొడవ చేయకు." మీరు అలసిపోయి ఉంటారు, బిడ్డ గొంతు వింటే చాలనుకుంటారు. "సరేలే, నీ ఇష్టం, ఒక్కసారి ఫోన్ ఇవ్వు" అని రాస్తారు. ఆరు నెలల తర్వాత ఆ "సరేలే" కాగితం మీద ప్రింటై జడ్జి ముందుకొస్తుంది. మీరు ఒప్పుకున్నారని, తర్వాత మనసు మార్చుకున్నారని వాదిస్తారు. దేశం దాటించిన పిల్లల కోసం ఉన్న అంతర్జాతీయ ఒప్పందం కింద బిడ్డను తిరిగి పంపకుండా ఉండటానికి చెప్పే కారణాల్లో "అవతలివాళ్లు అంగీకరించారు" అనేది ఒకటి.

కాబట్టి ఇలా రాయండి: "పాప ఇల్లు ఇది. నువ్వు తీసుకెళ్లడానికి నేను ఒప్పుకోలేదు. తిరిగి తీసుకురమ్మని అడుగుతున్నాను. ఈలోగా రోజూ పాపతో మాట్లాడాలనుకుంటున్నాను, ఏ సమయం వీలవుతుందో చెప్పు." తిట్టొద్దు, బెదిరించొద్దు, వాళ్ల అమ్మానాన్నల ఊసెత్తొద్దు. కోపంతో రాసిన ఒక్క వాక్యం చాలు, "ఈ మనిషికి భయపడే వచ్చేశాం" అని చెప్పడానికి. వచ్చిన ప్రతి మెసేజ్‌ను తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, నమ్మకమైన ఇంకో మనిషికి పంపి ఉంచండి.

సోషల్ మీడియాలో బిడ్డ ఫొటో పెట్టి అవతలివాళ్ల పేరు బయటపెట్టాలని చెయ్యి దురద పెడుతుంది. లాయర్‌ను అడగకుండా పెట్టకండి. దాక్కున్నవాళ్లు ఇంకా లోతుగా దాక్కుంటారు. ఆ పోస్టు మీ బిడ్డ పదిహేనేళ్ల వయసులోనూ అక్కడే ఉంటుంది.

దేశం దాటించేస్తే

1980 అక్టోబరు 25న నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఈ సమస్య కోసమే ఒక ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు 100కు పైగా దేశాలు అందులో ఉన్నాయి. దాని పద్ధతి సూటిగా ఉంటుంది: 16 ఏళ్లలోపు బిడ్డను అప్పటిదాకా పెరుగుతున్న దేశం నుంచి కస్టడీ (బిడ్డను దగ్గరుంచుకుని పెంచే) హక్కులకు విరుద్ధంగా తీసుకెళ్తే ముందు బిడ్డను ఆ దేశానికి పంపాలి, ఎవరి దగ్గర పెరగాలన్నది అక్కడి కోర్టు తేలుస్తుంది. మీరు మంచి తల్లా, ఆయన మంచి తండ్రా అన్న విచారణ ఈ కేసులో జరగదు. బిడ్డను పంపేది దేశానికే గానీ నేరుగా మీ చేతికి కాదన్నది కూడా గుర్తుంచుకోండి. అది తెలియక గెలిచినరోజే కుంగిపోయినవాళ్లున్నారు.

ఒప్పందంలో ఉన్న ప్రతి దేశంలో సెంట్రల్ అథారిటీ అనే ప్రభుత్వ కార్యాలయం ఉంటుంది. మీ దేశంలోని కార్యాలయానికి దరఖాస్తు ఇవ్వండి, వాళ్లు అవతలి దేశానికి పంపుతారు. లాయర్ ద్వారా నేరుగా అక్కడి కోర్టుకే వెళ్లవచ్చు కూడా. రెండు దేశాలూ ఒప్పందంలో ఉంటే సరిపోదు, ఆ రెండింటి మధ్య అది అమల్లో ఉందో లేదో మొదటిరోజే కనుక్కోండి.

క్యాలెండర్‌లో ఒక తేదీకి ఎర్ర సిరాతో గుండ్రం చుట్టండి. బిడ్డను తీసుకెళ్లిన రోజు నుంచి, లేదా తిరిగి పంపాల్సిన రోజు నుంచి, సరిగ్గా ఏడాది. ఆలోపు అవతలి దేశపు కోర్టులో కేసు పడితే, ప్రత్యేక కారణం లేనంతవరకు బిడ్డను వెంటనే పంపాల్సిందే. ఏడాది దాటాక వేస్తే "బిడ్డ ఇక్కడ కుదురుకుంది" అని వాదించే దారి తెరుచుకుంటుంది. "మాట్లాడుకుందాం, ఈ పరీక్షలయ్యాక, ఈ పండగయ్యాక" అని అవతలివాళ్లు రోజులు జరుపుతుంటే మాటలు ఆపనక్కర్లేదు, కానీ కేసు వేసి మాట్లాడండి. ఆరు వారాల్లో కోర్టు తేల్చకపోతే ఆలస్యానికి కారణం అడిగే హక్కు ఒప్పందంలోనే ఉంది. నిజానికి చాలా కేసులు అంతకంటే ఎక్కువే పడతాయి, మనసును అందుకు సిద్ధం చేసుకోండి.

మధ్యవర్తుల ద్వారా కుదుర్చుకోగలిగితే అంతకంటే మంచిది లేదు, హింస భయం లేనంతవరకు. కుదిరిన మాట రెండు దేశాల్లోనూ కోర్టు ఆర్డర్‌గా మారేలా చూసుకోండి.

క్రిమినల్ కేసు పెట్టాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. ఇంటర్‌పోల్ ద్వారా తప్పిపోయినవాళ్ల కోసం జారీ చేసే ఎల్లో నోటీసు బిడ్డ జాడ కనుక్కోవడానికి పనికొస్తుంది, దాన్ని పోలీసుల ద్వారానే అడగాలి. అరెస్టు వారెంటు మాత్రం రెండువైపులా పదునున్న కత్తి. తిరిగొస్తే జైలే అనుకున్న తల్లి బిడ్డతో తిరిగి రాదు. తల్లిని అరెస్టు చేస్తారని తెలిసిన జడ్జి బిడ్డను పంపడానికి వెనకాడతారు. లాయర్‌తో ఇది కూర్చుని మాట్లాడాకే సంతకం పెట్టండి.

ఒప్పందంలో లేని దేశమైతే

దారి పొడుగవుతుంది, మూసుకుపోదు. భారతదేశం ఈ ఒప్పందంలో లేదు. చేరాలని, చట్టాల మీద ప్రభుత్వానికి సలహాలిచ్చే లా కమిషన్ 2009లో తన 218వ నివేదికలో సిఫారసు చేసినా ఇంకా చేరలేదు. అక్కడికి తీసుకెళ్లిన పిల్లల కోసం హైకోర్టులోనో సుప్రీంకోర్టులోనో హెబియస్ కార్పస్ పిటిషన్ (బిడ్డను కోర్టు ముందుకు తీసుకురమ్మని కోరే అర్జీ) వేస్తారు, లేదా కస్టడీ కేసు నడుపుతారు. విదేశీ కోర్టు ఆర్డర్ ఉన్నంత మాత్రాన బిడ్డను పంపరు. బిడ్డ క్షేమమే అన్నిటికంటే ముఖ్యమని, విదేశీ ఆర్డర్ పరిశీలించే విషయాల్లో ఒకటి మాత్రమేనని సుప్రీంకోర్టు 2017లో స్పష్టంగా చెప్పింది. కాబట్టి అలాంటి దేశాల్లో వాదన మీ హక్కు చుట్టూ కాకుండా బిడ్డ జీవితం చుట్టూ కట్టాలి. టీచర్ రాసిన ఉత్తరం, డాక్టర్ రికార్డు, ఈత క్లాసు ఫీజు రసీదు, పక్కింటి స్నేహితురాలి పుట్టినరోజు ఫొటో ఇవన్నీ సాక్ష్యాలే. ఈ బిడ్డ బతుకు ఎక్కడ వేళ్లూనుకుందో జడ్జికి కనిపించాలి.

మనుషుల్ని పెట్టి తెచ్చేసుకుందామని ఎవరైనా అంటే

వద్దు. డబ్బులిస్తే బిడ్డను తెచ్చిస్తామనేవాళ్లు ఉన్నారు, మీ బాధ వాళ్లకు వ్యాపారం. 2016 ఏప్రిల్‌లో లెబనాన్ రాజధాని బేరూత్‌లో నాయనమ్మతో వీధిలో ఉన్న ఇద్దరు పిల్లల్ని ఇలాగే లాక్కుని కారెక్కించారు. ఆ పిల్లల ఆస్ట్రేలియా తల్లి, వెంట వెళ్లిన టీవీ బృందం, పిల్లల్ని లాక్కెళ్లిన ముఠా మనుషులు అరెస్టయ్యారు. పిల్లలు తండ్రి దగ్గరికే వెళ్లారు. చట్టం సంగతి పక్కన పెట్టి చూసినా, ఒకసారి మాయమైన బిడ్డను ఇంకోసారి వీధిలోంచి లాగేస్తే ఇక ఏ తలుపు చప్పుడైనా భయమే.

వీడియో కాల్ దొరికితే

వారాలు ఎదురుచూశాక పది నిమిషాలు దొరుకుతాయి. ఆ పది నిమిషాలూ బిడ్డవి. "ఎక్కడున్నావు? కిటికీలోంచి ఏం కనిపిస్తోంది? ఎప్పుడొస్తావు?" అని అడగకండి. కెమెరా వెనక ఎవరో నిలబడి ఉంటారు, జవాబు చెప్పినా చెప్పకపోయినా బిడ్డకే తంటా. గూఢచారి పని పసివాళ్ల మీద పెట్టకూడదు.

నేను దగ్గరుండి చూసిన ఒక తండ్రి కూతురికి ఏనుగుపిల్ల కథ చెప్పేవాడు. ప్రతి కాల్‌లో ఒక్క ముక్క, సరిగ్గా ఆసక్తిగా ఉన్నచోట ఆపేవాడు. "ఆ తర్వాత?" అంటే "వచ్చే ఆదివారం చెప్తా కన్నా" అనేవాడు. కాల్ రాని ఆదివారాల్లో కూడా ఆ ముక్కను కాగితం మీద రాసి, తేదీ వేసి, ఒక అట్టపెట్టెలో పెట్టాడు. రెండేళ్ల తర్వాత ఆ పాప ఇంటికొచ్చినప్పుడు మొదటి రోజంతా మాట్లాడలేదు. రెండోరోజు ఆ పెట్టె తెరిచి కాగితాలు ఒక్కొక్కటీ నేలమీద వరసగా పేర్చుకుంది. చదివే భాష మర్చిపోయింది, కానీ తేదీలు చదవగలిగింది. "ఇవన్నీ నాకా?" అని అడిగింది.

మీరూ ఒక పెట్టె పెట్టుకోండి.

కాల్‌లో ఏడుపొస్తే దాచుకోనక్కర్లేదు, కానీ ఓదార్చే పని బిడ్డకు ఇవ్వకండి. "నిన్ను చూసి సంతోషం పట్టలేక వచ్చిన నీళ్లు" అని చెప్పి కథలోకి వెళ్లిపోండి. అవతలివాళ్ల గురించి ఒక్క చెడ్డమాట వద్దు. బిడ్డ "నువ్వే నన్ను వదిలేశావట కదా" అంటే "లేదు నాన్నా, నేను నిన్ను ఎప్పుడూ వదల్లేదు, వదలను" అని చెప్పి ఆపేయండి. ఎవరు అబద్ధం చెప్పారో విడమరచనక్కర్లేదు.

బిడ్డను తీసుకుని వెళ్లిపోవాలని మీకే అనిపిస్తుంటే

ఈ భాగం రాయకుండా ఉండలేను. హేగ్ ఒప్పందం కింద వచ్చే కేసుల్లో పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లు ఎక్కువగా తల్లులే, రోజూ బిడ్డను చూసుకునేదీ చాలావరకు వాళ్లే. వాళ్లలో దెబ్బలు తట్టుకోలేక వచ్చినవాళ్లున్నారు, పరాయి దేశంలో ఒంటరిగా, డబ్బు లేక, వీసా లేక కన్నవాళ్ల దగ్గరకు పరుగెత్తినవాళ్లున్నారు. మీరు ప్రమాదంలో ఉంటే ఈ రాత్రే ఇంట్లోంచి బయటపడండి, బిడ్డను వెంట తీసుకెళ్లండి. కానీ సరిహద్దు దాటేముందు లాయర్‌ను కలవండి. ఉన్న దేశంలోనే ఆశ్రయ కేంద్రం, రక్షణ ఉత్తర్వు, బిడ్డతో వేరే దేశం వెళ్లి ఉండటానికి కోర్టు అనుమతి అడిగే పిటిషన్ ఈ మూడూ ఉంటాయి. హింస జరిగిన ప్రతిసారీ డాక్టర్ దగ్గర, పోలీసుల దగ్గర రికార్డు చేయించండి. బిడ్డకు తీవ్రమైన ప్రమాదం ఉంటే తిరిగి పంపక్కర్లేదని ఒప్పందమే చెప్తోంది, అయితే దాన్ని రుజువు చేయాల్సింది మీరు. చెప్పకుండా వెళ్తే ఇన్నాళ్లూ దెబ్బలు తిన్న మీరే తప్పు చేసినవాళ్లుగా కోర్టులో నిలబడాల్సి వస్తుంది.

ఇంకో మాట, చుట్టాలకు. మీ కొడుకో చెల్లెలో బిడ్డతో వచ్చి "ఎవరడిగినా ఇక్కడ లేమని చెప్పండి" అంటే అన్నం పెట్టండి, పడుకోబెట్టండి, కానీ ఆ అబద్ధం చెప్పకండి. "బిడ్డ క్షేమంగా ఉంది" అని అవతలివాళ్లకు తెలియజేయమని మీవాళ్లకే నచ్చజెప్పండి. ఒకవేళ హింసకు భయపడి వచ్చి ఉంటే ఆ కబురు చిరునామా చెప్పకుండా లాయర్ ద్వారా వెళ్లాలి. దాచే చెయ్యి లేకపోతే బిడ్డ జాడ త్వరగా తెలుస్తుంది.

బిడ్డ తిరిగొచ్చాక

కలుసుకునే రోజు గురించి మీరు వందసార్లు కలగని ఉంటారు. పరుగెత్తుకొచ్చి మెడకు చుట్టుకుంటుందని. అలా జరగకపోవచ్చు. చిన్నవాళ్లయితే మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు, పెద్దవాళ్లయితే కోపంగా చూడవచ్చు. వాళ్ల దృష్టిలో మీరు తమను ఇంకో ఇంటినుంచి లాక్కొచ్చిన మనిషి. దూరంగా కూర్చోండి, నేలమీద అయితే ఇంకా మంచిది. ముట్టుకునేముందు అడగండి. పాత ఫొటో ఆల్బమ్, పాత బొమ్మ అందేంత దూరంలో పెట్టి ఊరుకోండి. పేరు మార్చి ఉంటే ఏ పేరుతో పిలవమంటావని అడగండి. ఇంట్లో భాష మర్చిపోయి ఉంటే వాళ్లకొచ్చిన భాషలో నాలుగు మాటలు మీరే నేర్చుకోండి. చుట్టాలందరినీ ఆ వారం రానివ్వకండి.

రాత్రుళ్లు చెప్పులు మంచం పక్కనే పెట్టుకుని, బ్యాగు సర్దుకుని పడుకునే పిల్లలుంటారు. ఆ బ్యాగు తీసేయకండి, వాళ్లంతట వాళ్లు విప్పేదాకా ఉండనివ్వండి. ఇలాంటి పిల్లలతో పనిచేసిన మానసిక నిపుణులను మొదటి నెలలోనే కలవండి, బిడ్డ బాగానే ఉన్నట్టు కనిపించినా సరే. ఇంట్లోనే ఉండిపోయిన అన్నో చెల్లెలో ఉంటే వాళ్లనూ తీసుకెళ్లండి. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో వాళ్ల పుట్టినరోజులు కూడా సరిగ్గా జరగలేదు.

చివరిగా మీకు నచ్చని మాట. ప్రమాదం లేదని కోర్టు, నిపుణులు చెప్తే అవతలి తల్లితోనో తండ్రితోనో బిడ్డ మాట్లాడే ఏర్పాటు చేయండి, మొదట్లో ఇంకొకరి సమక్షంలోనైనా. పాస్‌పోర్ట్ కోర్టులో ఉండాలి, ఆర్డర్ బడిలో ఉండాలి, ఎవరు తీసుకెళ్లవచ్చో టీచర్‌కు తెలిసి ఉండాలి. అవన్నీ కట్టుదిట్టం చేసుకున్నాక గోడమీది క్యాలెండర్‌లో మొదటి కాల్ ఏ రోజో బిడ్డ చేతే గుర్తు పెట్టించండి.